ఎనిమిదేళ్లు పనిచేసిన బడి ‘జూన్ నుంచి రావద్దు’ అంటోంది: పీఎఫ్, గ్రాట్యుటీ, ఒరిజినల్స్ సంగతి ఎట్లా?

వడ్డేపల్లి_మ్యాథ్స్:
అందరికీ నమస్తే. హనుమకొండలో ఒక ప్రైవేటు హైస్కూల్లో ఎనిమిదేళ్లుగా మ్యాథ్స్ చెప్తున్నాను. ఏప్రిల్ ఆఖరి పనిరోజు ప్రోగ్రెస్ కార్డుల పని అయిపోయాక మాలో కొందరిని ఒక్కొక్కరిగా ఆఫీస్ రూంకు పిలిచి "అడ్మిషన్లు లేవు మేడమ్, జూన్ నుంచి మీ సెక్షన్ ఉండదు" అన్నారు. చేతికి ఏ కాగితమూ ఇవ్వలేదు, పైగా ఒక తెల్లకాగితం ముందు పెట్టి "వ్యక్తిగత కారణాలతో మానేస్తున్నాను" అని రాసి సంతకం పెట్టమన్నారు. ఇంట్లో మాట్లాడి చెప్తానని వచ్చేశాను. బేసిక్ 13,000, పీఎఫ్ కింద నెలకు 1,560 కట్ చేస్తారు. ఎండాకాలం రెండు నెలలు జీతం ఉండదు. చేరిన రోజే డిగ్రీ, బీఈడీ ఒరిజినల్స్ తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. ఇప్పుడు అడిగితే ముందు లెటర్ రాసివ్వండి, తర్వాత చూద్దాం అంటున్నారు. ఇంకో స్కూల్లో డెమో ఇచ్చాను, వాళ్లు సర్టిఫికెట్లు చూపించమంటున్నారు. రాత్రి నిద్ర పట్టడం లేదు. సంతకం పెట్టాలా? నాకు రావలసింది ఏమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

మోడరేటర్:
స్కూల్ పేరు రాయనందుకు థాంక్స్ మేడమ్, జవాబులిచ్చేవాళ్లు కూడా ఎవరి పేరూ ఊహించి రాయొద్దు. విషయం మీద మాట్లాడండి.

కాజీపేట_అకౌంట్స్:
మేడమ్, ఫస్ట్ పని, ఇప్పుడే యూఏఎన్ నంబర్‌తో (మనిషికి ఒక్కటే ఉండే పీఎఫ్ నంబర్) మీ పీఎఫ్ పాస్‌బుక్ ఆన్‌లైన్‌లో తెరవండి. స్లిప్‌లో 1,560 కట్ అయిందంటే ఖాతాలో పడిందని కాదు. యూఏఎన్ యాక్టివేట్ అయి ఉంటే మీ రిజిస్టర్డ్ నంబర్ నుంచి 9966044425 కు మిస్డ్ కాల్ ఇవ్వండి, బ్యాలెన్స్ మెసేజ్ వస్తుంది. నెలవారీ వివరం మాత్రం పాస్‌బుక్‌లోనే కనబడుతుంది, ప్రభుత్వ ఉమాంగ్ యాప్‌లో కూడా చూడొచ్చు. ఒక్కో నెల వరుస చూడండి, పైన కాదు కింది దాకా. మీ వాటా 1,560, యాజమాన్యం వాటా ఇంకో 1,560. వాళ్ల వాటాలో 8.33 శాతం అంటే దాదాపు 1,083 పెన్షన్ పథకానికి పోతుంది, మిగతా 477 మీ పీఎఫ్‌లో కలుస్తుంది. నేను ఇరవై ఏళ్లుగా చిన్న సంస్థల లెక్కలు రాస్తున్న, మీ వాటా, వాళ్ల వాటా రెండూ టీచర్ జీతంలోంచే కోసిన బడులను కూడా చూసిన. అది చట్టం ఒప్పుకోదు.

అదాలత్_జూనియర్:
అక్కా, ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. నేను హనుమకొండ కోర్టులో ప్రాక్టీస్ చేస్తున్న, ఇట్లాంటివి ప్రతి మే నెలలో వస్తుంటాయి. "వ్యక్తిగత కారణాలతో" అని మీ చేతిరాతతో ఒక్క ముక్క ఉంటే చాలు, రేపు ఎవరి ముందైనా "మేం తీసేయలేదు, ఆమే పోయింది" అంటారు.

టీచర్ల విషయంలో ఒక చిక్కు ముందే చెప్తున్న, తర్వాత నిరాశ పడొద్దని. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచర్ ‘వర్క్‌మన్’ (కార్మికుడు) కాదని 1988 లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ఫ్యాక్టరీ కార్మికుడు పోయినట్టు లేబర్ కోర్టుకు పోయే దారి మీకు లేదు. అయితే 1982 నాటి విద్యా చట్టంలో ప్రైవేటు విద్యాసంస్థల ఉద్యోగుల తొలగింపు మీద విడిగా సెక్షన్లు ఉన్నాయి, 79 నుంచి చదవండి. అభియోగం చెప్పకుండా, సంజాయిషీకి అవకాశం ఇవ్వకుండా నోటిమాటతో పంపేయడం దానికి విరుద్ధం.

గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు చేసిన సర్వీసుకు యాజమాన్యం ఇచ్చే డబ్బు, మాత్రం మీకు కచ్చితంగా వస్తుంది. టీచర్లకు వర్తించదని చాలా యాజమాన్యాలు ఇప్పటికీ చెప్తుంటాయి. అది పాత మాట. 2009 లో చట్టం సవరించి టీచర్లను కలిపారు, అదీ 1997 ఏప్రిల్ 3 నుంచి లెక్కలోకి వచ్చేట్టు. ప్రైవేటు స్కూళ్ల సంఘాలు దాని మీద సుప్రీంకోర్టు దాకా పోయి 2022 ఆగస్టులో ఓడిపోయాయి. పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట ఐదేళ్లు నిండితే ఇవ్వాల్సిందే. మానేసినా, తీసేసినా వస్తుంది. లెక్క ఇది: ఆఖరి నెల వేతనాన్ని 26 తో భాగించి 15 తో గుణించాలి, వచ్చినదాన్ని సర్వీసు ఏళ్లతో గుణించాలి. మీకు 13,000 మీద ఏడాదికి 7,500, ఎనిమిదేళ్లకు 60,000 రూపాయలు.

వడ్డేపల్లి_మ్యాథ్స్:
తమ్ముడూ, అరవై వేలా! మా స్టాఫ్‌రూంలో గ్రాట్యుటీ అనేది గవర్నమెంటు వాళ్లకే అనుకుంటారు. పది నెలల జీతమే కదా, మధ్యలో రెండు నెలలు తెగినట్టు కాదా? సార్ ఒకసారి "మీది ఏటేటా కొత్త అపాయింట్‌మెంట్" అన్నారు కూడా.

అదాలత్_జూనియర్:
కాదక్కా. బడికి సెలవులిచ్చింది వాళ్లు, మీరు మానలేదు. మీ తప్పు లేకుండా పని ఆగితే సర్వీసు తెగదు. ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే పూర్తి ఏడాది కింద లెక్క. జూన్‌లో మళ్లీ అదే క్లాసులో, అదే రిజిస్టర్‌లో సంతకం పెట్టినప్పుడు కొత్త అపాయింట్‌మెంట్ అన్న మాట నిలబడదు. మీ దగ్గర ఏమేం ఉన్నాయో వెతకండి. వార్షికోత్సవం ఆహ్వానపత్రంలో మీ పేరు, పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్ డ్యూటీ ఆర్డర్, బ్యాంకులో జీతం పడిన ఎంట్రీలు, టైంటేబుల్ ఫొటోలు, వాట్సాప్ గ్రూప్‌లో ప్రిన్సిపాల్ పెట్టిన మెసేజ్‌లు. గ్రూప్ నుంచి తీసేసేలోపు ఈ రాత్రే చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌లో దాచుకోండి.

చిన్నబడి_నర్సంపేట:
నేను అవతలి వైపు మనిషిని. నర్సంపేట దగ్గర చిన్న స్కూల్ నడుపుతున్న. అందరూ తలా ఒక రాయి వేస్తారని తెలిసే రాస్తున్న. నెలనెలా ఫీజు రాదు, పత్తి అమ్మినంక ఇస్తం అంటారు తల్లిదండ్రులు, ఇచ్చేసరికి సంక్రాంతి దాటుతుంది. కరోనాలో బడులు మూతపడి మా టీచర్లు కూలికి పోయిన్రు, 2021 ఏప్రిల్‌లో గవర్నమెంటు ఇచ్చిన 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం కోసం నేనే దగ్గరుండి వాళ్ల పేర్లు ఎక్కించిన. ఒక సెక్షన్ పడిపోతే ఒక టీచర్ జీతం ఎక్కడినుంచి తేవాలె? అయినా ఒక మాట. నేను ఎవరి ఒరిజినల్స్ పెట్టుకోను. జెరాక్సు చాలు. ఒరిజినల్ బీరువాలో పెట్టి టీచర్‌ను ఆపుకునే బడి, రేపు ఆ టీచర్ మనసుపెట్టి పాఠం చెప్పాలని ఎట్ల అనుకుంటది?

కాజీపేట_అకౌంట్స్:
సార్, మీ ఇబ్బంది నిజమే. కానీ 1994 జనవరి 1 నాటి జీవో నంబర్ 1 మీకు తెలిసే ఉంటది. ఫీజుల్లో సగం జీతాలకు, ఇంకో 15 శాతం స్టాఫ్ గ్రాట్యుటీ, పీఎఫ్, గ్రూప్ ఇన్సూరెన్స్‌కు పెట్టాలని అందులోనే ఉంది. యాజమాన్యానికి 5 శాతం. ఆ 15 శాతం ఏటా పక్కన పెట్టి ఉంటే ఒకామెకు 60,000 ఇచ్చేటప్పుడు స్కూల్ కుప్పకూలదు. పెద్ద బడుల లెక్కలు చూస్తే ఆ వరుసే ఉండదు, కొత్త బ్లాక్ స్లాబ్ మాత్రం పడుతుంటది.

చిన్నబడి_నర్సంపేట:
పెద్దవాళ్ల సంగతి వేరు. మాది 16 మంది స్టాఫ్, పీఎఫ్ మాకు వర్తించదు కదా?

కాజీపేట_అకౌంట్స్:
20 మంది ఉంటేనే పీఎఫ్ తప్పనిసరి, నిజమే. ఆయా, వాచ్‌మన్, బస్సు డ్రైవర్, క్లీనర్, పీఈటీ అందరూ ఆ లెక్కలోకి వస్తారు. రిజిస్టర్‌లో 19 మందిని చూపించి మిగతావాళ్లను ‘ట్రైనీ’ అని వేరే నోట్‌బుక్‌లో రాసే బడులున్నాయి, తనిఖీలో అదే ముందు దొరుకుతుంది. ఒకసారి పీఎఫ్ కిందికి వచ్చాక మనుషులు 20 కంటే తగ్గినా అది కొనసాగుతుంది. గ్రాట్యుటీకి పది మందే చాలు కాబట్టి మీకు అది ఉంది సార్.

జేపీఎన్_రోడ్_సేల్స్:
ఇది టీచర్లకే కాదు. నేను వరంగల్ జేపీఎన్ రోడ్‌లో బట్టల షాపులో ఉంటున్న. పొద్దున పదింటికి షట్టర్ ఎత్తితే రాత్రి పదిన్నర. పెళ్లిళ్ల సీజన్‌లో పట్టుచీర ఒక్కొక్కటి మడత విప్పి పరుపు మీద పరిచి, మళ్లీ అదే మడత మీద పెట్టాలె, జరీ నలగకుండా. ఒక పార్టీ పోయేసరికి యాభై చీరలు విప్పినవి ఉంటయ్. కూర్చోనీకి స్టూల్ ఉండదు. లేడీస్ స్టాఫ్‌కు కాళ్లు వాచిపోతయ్. అడిగితే ఓనర్ "పది గంటల చట్టం వచ్చింది, తెల్వదా" అంటున్నడు. నిజమా?

అదాలత్_జూనియర్:
సగమే నిజం అన్నా. 2025 జూలైలో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది, రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చని. కానీ అది వాణిజ్య సంస్థలకు, షాపులను అందులోంచి మినహాయించారు. ఆ సంస్థల్లో కూడా వారానికి 48 గంటలు దాటొద్దు, దాటితే ఓవర్‌టైంకు రెట్టింపు వేతనం. మీది షాపు కాబట్టి రోజుకు ఎనిమిది గంటల లెక్కే. పన్నెండు గంటలు నిలబెట్టి ఒక రోజు జీతం ఇస్తే మిగతా గంటలకు రెట్టింపు లెక్కగట్టి అడగొచ్చు. రోజూ వచ్చిన టైం, పోయిన టైం డైరీలో రాసుకో.

ఇంకోటి, షాపులు, సంస్థల చట్టం 1988 లో 47వ సెక్షన్ ఉంది. ఆరు నెలలు దాటి పనిచేసినోణ్ని సరైన కారణం లేకుండా నెల నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వకుండా తీసేయరాదు. ఏడాది దాటితే ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం పరిహారం. 2025 నవంబర్ 21 నుంచి కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చింది, 29 పాత చట్టాలు వాటిలో కలిసినయి. వేతనాల కోడ్ ప్రకారం తీసేసినా, మానేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చి డబ్బు చేతికివ్వాలి. పనిలో పెట్టుకునేటప్పుడు అపాయింట్‌మెంట్ లెటర్ కూడా ఇవ్వాలి. మీ షాపులో ఎంతమంది దగ్గర ఉంది ఆ లెటర్?

జేపీఎన్_రోడ్_సేల్స్:
ఒక్కళ్ల దగ్గర కూడా లేదు. నోటిమాటే.

కోరుట్ల_బీడీల_ఇల్లు:
లెటర్ లేకపోతే ఏమైతదో మా అమ్మను చూస్తే తెలుస్తది. కోరుట్లలో ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. తునికాకును తడిగుడ్డలో నానబెట్టి, రేకుముక్క కొలతకు కత్తెరతో కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి వేలిగోరుతో లోపలికి మడవడం. నేను హోంవర్క్ రాసుకుంటుంటే చాట ఆమె ఒళ్లోనే ఉండేది. అయితే ఆమె చుట్టిన బీడీలు పక్కింటామె పాస్‌బుక్ మీద పోయేటివి, ఎందుకంటే ఠేకేదారు కొత్త కార్డు ఇయ్యలే, కార్డు ఇస్తే పీఎఫ్ కట్టాలె కదా. రాష్ట్రం వచ్చినంక బీడీ కార్మికులకు జీవనభృతి మొదలైంది, ముందు వెయ్యి, 2019 నుంచి 2,016. దానికి 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఖాతా ఉండాలన్నరు. పక్కింటామెకు వచ్చింది. మా అమ్మకు రాలే. ఇద్దరి వేళ్లూ ఒక్కతీరే అరిగిపోయినయ్. అందుకే మేడమ్, మీరు ఆ పాస్‌బుక్ సంగతి వదలొద్దు.

ములుగు_ఆపరేటర్:
అన్నా, మీ అమ్మ విషయం చదివి బాధైంది.

నాది ఔట్‌సోర్సింగ్. ఒక సర్కారు ఆఫీసులో డేటా ఎంట్రీ. కుర్చీ అదే, కంప్యూటర్ అదే, ఏజెన్సీ మాత్రం మారుతుంటది. మారినప్పుడల్లా కొత్త యూఏఎన్ తెరుస్తరు, ఇప్పుడు నాకు మూడున్నయ్. 2021 జూన్‌లో పెంచిన లెక్క ప్రకారం ఔట్‌సోర్సింగ్ వాళ్లకు కేటగిరీని బట్టి 15,600, 19,500, 22,750 అని జీవో ఉంది. చేతికి వచ్చేసరికి అది ఎందుకు తగ్గుతదో స్లిప్ అడిగితే ఏజెన్సీ ఇయ్యదు. ఆఫీసర్‌ను అడిగితే "మీ ఏజెన్సీని అడుగు" అంటరు. నాకు యజమాని ఎవరు అన్నదే తెలియదు.

కాజీపేట_అకౌంట్స్:
యూఏఎన్ మనిషికి ఒక్కటే ఉండాలి. పోర్టల్‌లో ‘వన్ మెంబర్ వన్ ఈపీఎఫ్ అకౌంట్’ కింద పాతవాటి డబ్బు ఇప్పటిదానిలోకి మార్చుకో. డబ్బు కంటే సర్వీసు కలవడం ముఖ్యం, పదేళ్లు కలిస్తేనే 58 ఏళ్లకు పెన్షన్. అవసరమని మధ్యలో పెన్షన్ డబ్బు తీసుకుంటే ఆ ఏళ్లు పోయినట్టే. ఏజెన్సీ కట్టకపోతే అసలు పని చేయించుకునే ఆఫీసుకు కూడా బాధ్యత ఉంటుంది, ప్రిన్సిపల్ ఎంప్లాయర్ అంటారు. కాబట్టి రాసే లెటర్ ఇద్దరికీ రాయి.

వడ్డేపల్లి మేడమ్‌కు కూడా ఇదే మాట. మీకు ఎనిమిదేళ్లయింది, ఇంకో రెండేళ్లు కలిస్తే పెన్షన్ అర్హత వస్తుంది. తొందరపడి మొత్తం తీసుకోకండి, కొత్త స్కూల్‌కు అదే యూఏఎన్ ఇవ్వండి.

చౌరస్తా_డెలివరీ:
మాకు యజమానే లేడు, యాప్ ఉంది. మమ్మల్ని పార్ట్‌నర్ అంటరు. హనుమకొండ చౌరస్తా, నక్కలగుట్ట, కేయూ క్రాస్ రోడ్ మధ్య రాత్రి పన్నెండు దాకా తిరుగుత. ఇన్సెంటివ్‌కు ఒక్క ఆర్డర్ తక్కువ పడ్డప్పుడు ఫోన్ మోగనే మోగదు, బండి స్టాండ్ మీద పెట్టి స్క్రీన్ చూసుకుంట కూర్చుంటం. మా ఫ్రెండ్ ఐడీ బ్లాక్ చేసిన్రు, కస్టమర్ కంప్లైంట్ అన్నరు, ఏం కంప్లైంటో చెప్పలే. బీటెక్ చదివి ఇది చేస్తున్న, పని తక్కువని అనుకోవట్లే, కానీ తీసేస్తే ఎందుకో ఒక మనిషి చెప్పాలె కదా. మాకు ఏమన్న ఉందా?

అదాలత్_జూనియర్:
ఉంది తమ్మీ, కొంచెమే అయినా ఉంది. ఆ నాలుగు కోడ్‌లలో ఒకటైన సామాజిక భద్రత కోడ్‌లో గిగ్ వర్కర్ (మీలాగా యాప్ మీద పనిచేసేవాళ్లు) అన్న నిర్వచనం మొదటిసారి వచ్చింది, కంపెనీలు ఏటా టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం మీ సంక్షేమ నిధికి కట్టాలి. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో గిగ్ వర్కర్లకు 5 లక్షల ప్రమాద బీమా ప్రకటించారు. 2025 ఏప్రిల్‌లో ముసాయిదా బిల్లు కూడా ప్రజల ముందు పెట్టారు. ముందు కేంద్రం నడిపే ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించు. రైడ్ హిస్టరీ, పేమెంట్ స్క్రీన్‌షాట్లు ప్రతి నెలా దాచుకో, ఐడీ బ్లాక్ అయితే అవి కనబడవు. ప్రమాదం జరిగిన రోజు నువ్వు డ్యూటీలో ఉన్నావని చూపించేది అవే.

వడ్డేపల్లి_మ్యాథ్స్:
పాస్‌బుక్ చూశాను. 2019 జూలై నుంచి 2021 ఆగస్టు దాకా ఒక్క ఎంట్రీ లేదు. అందులో కరోనాకు ముందటి ఎనిమిది నెలలు కూడా ఉన్నాయి, అప్పుడు జీతం వచ్చింది, కట్ కూడా అయింది, స్లిప్పులు ఫైల్‌లో ఉన్నాయి. మా పిల్లలకు శాతాలు నేర్పించే మనిషిని, నా శాతం ఎక్కడికి పోయిందని చాలాసేపు ఆ స్క్రీన్ చూస్తూ ఉండిపోయాను. మా సైన్స్ మేడమ్‌కు, తెలుగు సార్‌కు చూపిస్తే వాళ్లవీ అవే నెలలు ఖాళీ.

కాజీపేట_అకౌంట్స్:
స్లిప్పులు ఉన్నాయంటే మీరు సగం దూరం వచ్చినట్టే. జీతంలో కోసి కట్టకపోవడం మామూలు బాకీ కాదు, నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు అయ్యే పని. ముగ్గురూ కలిసి పీఎఫ్ సంస్థ (ఈపీఎఫ్ఓ) గ్రీవెన్స్ పోర్టల్‌లో ఎవరిది వాళ్లు ఫిర్యాదు పెట్టండి, ఆ కాపీలతో వరంగల్ పీఎఫ్ ఆఫీసులో రాతపూర్వకంగా ఇవ్వండి. వాళ్లు విచారణ చేసి ఎంత బాకీనో తేలుస్తారు. కట్టని డబ్బు మీద ఏడాదికి 12 శాతం వడ్డీ, దానికి తోడు జరిమానా పడుతుంది.

అదాలత్_జూనియర్:
అక్కా, యాజమాన్యానికి ఇవ్వాల్సిన లెటర్ ఇట్లా ఉండనివ్వండి, ఎక్కువ రాయొద్దు: "నేను ఫలానా తేదీ నుంచి పనిచేస్తున్నాను. జూన్ నుంచి రావద్దని ఫలానా తేదీన నోటిమాటగా చెప్పారు. నేను రాజీనామా చేయలేదు. నా డిగ్రీ, బీఈడీ ఒరిజినల్స్ ఏడు రోజుల్లో తిరిగి ఇవ్వండి. గ్రాట్యుటీ చెల్లించండి. ఖాళీగా ఉన్న నెలల పీఎఫ్ జమచేయండి." కోపం, తిట్లు, ఎనిమిదేళ్ల కష్టం అందులో పెట్టొద్దు. స్పీడ్ పోస్ట్‌లో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి, ఆఫీసులో చేతికిచ్చి రాకండి. ఒరిజినల్స్ అట్టిపెట్టుకునే హక్కు ఏ కార్మిక చట్టమూ యాజమాన్యానికి ఇవ్వలేదు, గడువు దాటితే పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇద్దాం. లాయర్ ఫీజు గురించి టెన్షన్ వద్దు. మహిళలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, హెల్ప్‌లైన్ 15100.

కోరుట్ల_బీడీల_ఇల్లు:
ముగ్గురూ కలిసి పోండి మేడమ్. ఒక్కరే పోతే గేటు కాడ్నే ఆపుతరు.

వడ్డేపల్లి_మ్యాథ్స్:
లెటర్ నిన్న పోస్ట్ చేశాం, ముగ్గురమూ ఎవరిది వాళ్లం. ఈరోజు సాయంత్రం ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, "ఎందుకు మేడమ్ ఇంత దూరం, వచ్చి సర్టిఫికెట్లు తీసుకుపోండి" అని. గ్రాట్యుటీ మాట ఎత్తలేదు. వెళ్లేటప్పుడు ఏదైనా సంతకం అడిగితే ఏం చేయాలి?

అదాలత్_జూనియర్:
"ఒరిజినల్స్ అందినవి" అన్నంత వరకే, ఏమేం అందాయో పేర్లు రాసి, కింద తేదీ వేసి సంతకం పెట్టండి. "ఇక బాకీ ఏమీ లేదు" అన్న వాక్యం ఉంటే దాన్ని కొట్టేసి పెట్టండి, ఒప్పుకోకపోతే పెట్టకుండా వచ్చేయండి. అక్కడినుంచి నేరుగా పీఎఫ్ ఆఫీస్‌కు పోండి. స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్, పాస్‌బుక్ ప్రింట్, ఆధార్ రెండేసి జెరాక్సులు పట్టుకోండి. గ్రాట్యుటీకి ముప్పై రోజులు ఆగి చూద్దాం, రాకపోతే లేబర్ ఆఫీసులో అప్లికేషన్ నేను రాసిస్తాను.

చిన్నబడి_నర్సంపేట:
మేడమ్, మా దగ్గర జూన్ నుంచి ఎనిమిది, తొమ్మిది తరగతులకు మ్యాథ్స్ కావాలె. జీతం మీకు ఇప్పుడొచ్చేదానికంటే తక్కువే, నర్సంపేట దూరం కూడా. పన్నెండు నెలలకూ ఇస్త, అపాయింట్‌మెంట్ లెటర్ మొదటి రోజే ఇస్త. ఆలోచించి మెసేజ్ పెట్టండి.